నాన్న నయం చేసిన మందారం

మా నాన్న చేతిలో పూర్తిగా నయమైన మొక్క ఒక్కటే. దానికి రోగం లేదు.

రోగమున్న మొక్కలు మాకు చాలా ఉండేవి, అవి మాత్రం నయమయ్యేవి కావు. తల్లాడ చుట్టుపక్కల మిరప వేసే ఇళ్లన్నిటిదీ అదే కథ. పొద్దున్నే సాలు వెంట నడవడం, ఆకు మీద మచ్చ కనబడితే పీకడం, గట్టు మీద కుప్పేసి కాల్చడం. వైరస్ ఒక మొక్కకు వస్తే పక్కదానికి పాకుతుంది కాబట్టి, పీకేముందు ఆలోచించకూడదు. నాన్న చెయ్యి ఈ పనికి ఎంత అలవాటు పడిందంటే, ఒకసారి పెళ్లికి పోయి, పెళ్లికొడుకు తండ్రితో వానల గురించి మాట్లాడుతూనే పందిరి పక్కన ఆకు మచ్చపడ్డ బంతిమొక్కను పీకి అవతల పారేశాడు. మాట ఆగలేదు. పెళ్లికొడుకు తండ్రి కూడా రైతే, ఆయనకూ అందులో తప్పేమీ కనబడలేదు.

అలాంటి మనిషి ఇంటి ముందుకు అమ్మ ఒక మచ్చల మందారం తెచ్చి పెట్టింది.

అమ్మ మా ఊళ్లో కాన్వెంటు సిస్టర్లు నడిపే చిన్న దవాఖానాలో ఆయాగా పనిచేసేది. దాన్ని చూసుకునే సిస్టర్ కేరళ మనిషి. మా అందరికీ సూదులేసి, మమ్మల్ని ఏడిపించి, ఆ పైన పిప్పరమెంట్లిచ్చి పెంచిన మనిషి. ఆమెను భద్రాచలం అవతల అడవిలో ఉన్న దవాఖానాకు మార్చినప్పుడు, తన మందారం నుంచి ఒక కొమ్మ నాటి కుండీలో అమ్మకిచ్చింది. పువ్వు మామూలు ఎర్ర పువ్వే. ఆకులే వేరు. తెలుపు మీద ఆకుపచ్చ చుక్కలు, చారలు, ఏ రెండాకులూ ఒక్కలా ఉండవు. ఇంటికి సున్నం వేస్తుంటే చెట్టును పక్కకు జరపడం ఎవరో మర్చిపోయినట్టుండేది.

ఇస్తూ సిస్టర్ ఒక్క మాట చెప్పిందట. దీనికి అప్పుడప్పుడు నిండా పచ్చగా ఒక రెమ్మ వస్తుంది, అది కనబడగానే తుంచెయ్యాలి, పచ్చది బలమైంది, వదిలేస్తే తెల్లదాన్ని మింగేస్తుంది అని. అమ్మకు అప్పటిదాకా బైబిల్లోని ఆజ్ఞలు పదే ఉండేవి. ఆ రోజుతో పదకొండయ్యాయి.

నాన్న మొదటిరోజే చెయ్యి చాపాడు. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా, దాని మీద చెయ్యేసిన రోజు నుంచి నీ బువ్వ నువ్వే వండుకోవాలంది. నాన్నకు వంట రాదు. మందారం అట్లా బతికింది.

రెండేళ్లు బాగానే గడిచాయి గానీ, ఆ చెట్టును దాటి ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ నాన్న ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఊళ్లో మిరపకు ఏ మందు కొట్టాలన్నా నలుగురూ ఆయన్నే అడిగేవారు. అలా అడగడానికి వచ్చినవాళ్లు ముందు కుండీ వైపు చూసి, ఆ తర్వాత నాన్న వైపు చూసేవారు. "ఏందన్నా, వాకిట్లనే వైరస్ సాదుతున్నవ్?" అని ఒకాయన అడిగితే, ఆ రాత్రి నాన్న సగం అన్నం వదిలేశాడు.

ఇంతలో పెనుబల్లిలో మా పిన్ని కానుపు వచ్చింది. అమ్మ సాయంగా పోయింది. పోతూ పోతూ నీళ్లు పొయ్యడం నాకు, వండటం నానమ్మకు, చెట్టు జోలికి పోకుండా ఉండటం నాన్నకు అప్పజెప్పింది. ముగ్గురిలో కష్టమైన పని నాన్నదే.

ఆయన జోలికి పోలేదు, నిజమే. దూరం నుంచి చూశాడు. వైరస్ అయితే ఆకు ముడుచుకోవాలి, ఇది ముడవట్లేదు. వైరస్ అయితే ఈపాటికి చావాలి, ఇది పూస్తోంది. కాబట్టి ఇది తెగులు కాదు, ఇనుము లోపం. ఇనుము తక్కువైతే ఆకు పాలిపోతుంది, అది మిరపలోనూ చూసిందే. దానికి మందుంది. రెండేళ్లుగా ఒక పేషెంటు గడపలో కూర్చుని ఉంటే, తాను పట్టించుకోకుండా తిరుగుతున్నానని ఆయనకు నిజంగానే బాధేసింది.

రూఢి చేసుకోవడానికి నన్నడిగాడు. నేనప్పుడు ఇంటర్ బైపీసీ. ఖమ్మం హాస్టల్లో చేరి, కొన్నాళ్లు ఏడ్చి, ఇంటికొచ్చేసి తల్లాడ బస్సులో కాలేజీకి పోయి వస్తున్నాను. బోటనీ చదివే పిల్లకు మందారం సంగతి తెలియకుండా ఉంటుందా అని నాన్న ధీమా. మా పుస్తకంలో మందారం ఉన్నమాట నిజమే. కాకపోతే పువ్వును నిలువుగా కోసి బొమ్మ గీసి భాగాలు గుర్తించడం దాకానే. చెట్టు మా సిలబస్‌లో లేదు. ఆ మాటే చెప్పాను. నాన్న నా వైపు జాలిగా చూసి మందు కొట్టే పంపు తెచ్చుకున్నాడు.

ఇనుము కోసం అన్నభేది, దానికి తోడు నిమ్మ ఉప్పు నీళ్లలో కలిపి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, వీపున పంపు తగిలించుకుని, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఎకరం చేనుకు సరిపడా హడావిడితో ఆ ఒక్క మొక్కకు కొట్టాడు. మొక్క మొదలు చుట్టూ నాలుగు గుప్పిళ్లు యూరియా వేశాడు. కుండీలో వేరుకు చోటు చాలదని, ఎండ ఎక్కువైందని, దాన్ని తీసి వేపచెట్టు నీడలో, స్నానాల నీళ్లు పారేచోట నేలలో పెట్టాడు. తవ్వడం, నాటడం అంతా పారతోనే. చెయ్యి మాత్రం తగలనివ్వలేదు. అమ్మ మాట ఆయనకు గుర్తుంది.

మందు పనిచేసింది. మా చేలో ఏ మందూ ఏనాడూ అంత బాగా పనిచెయ్యలేదు. మొక్క మొదలు నుంచి ఒక పచ్చ రెమ్మ వచ్చింది. నిగనిగలాడుతూ, ఆకులు అరచేతంత. దాని పక్కన ఇంకోటి. అవి తెల్ల కొమ్మలను దాటి పైకిపోయి, వాటి నెత్తిన గొడుగు పట్టాయి. నాన్న సాయంత్రం పూట మనుషుల్ని పిలిచి చూపించేవాడు. చూసినవాళ్లు మందు పేరు రాసుకుని పోయారు.

అమ్మ బస్సు దిగి, చేతిలో సంచితో వాకిట్లోకి వచ్చి, కుండీ ఉండాల్సిన చోట ఆగింది. నాన్న వేపచెట్టు పక్కన నిలబడి ఉన్నాడు. పొద్దున్నే గడ్డం కూడా గీసుకున్నాడు.

"ఏం జేసినవ్?" అంది అమ్మ.

"నయం జేసిన."

అమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. లోపలి నుంచి వచ్చిన నానమ్మ అది చూసి, కానుపులో ఏదో అయిందనుకుని శోకం ఎత్తుకుంది. పక్కిళ్లవాళ్లు పరుగెత్తుకొచ్చారు. పిన్నికీ పిల్లకూ ఏమీ కాలేదని, పిల్ల మూడు కిలోలుందని, పోయింది మందారమని నేను గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెప్పి పంపాల్సి వచ్చింది. కొందరికి కొంచెం నిరాశ కలిగింది.

అమ్మ లేచి కొడవలి తెచ్చింది. నాన్న చెట్టుకు అడ్డం నిలబడ్డాడు. చేతులు రెండూ చాపి నిలబడ్డాడు. ఇప్పుడు తలుచుకుంటే, అంత యుద్ధం దేనికోసం జరిగిందో ఆ చెట్టు ఆయన నడుము దాకా కూడా లేదు.

"మంచిగ, పచ్చగున్న కొమ్మ కోసి, పాలిపోయింది ఉంచుతవా?" అన్నాడు. "ఏ రైతన్న జేస్తడా గట్ల?"

"నేను రైతును గాదు, ఆయాను," అంది అమ్మ. "మా దవాఖానల పాలిపోయినోళ్లనే ఉంచుకుంటం. మంచిగున్నోళ్లను ఇంటికి తోలుతం."

నాన్న చేతులు దించకుండా అక్కడే నిలబడ్డాడు. చీకటి పడింది. అమ్మ కొడవలి చూరులో పెట్టి, అన్నం వండింది గానీ ఆయనకు వడ్డించలేదు. నానమ్మ వడ్డించింది. ఇట్లా కొన్ని రోజులు గడిచాయి. ఈ గొడవలేవీ తెలియని పచ్చ కొమ్మలు ఇంకో జానెడు పెరిగాయి.

అప్పుడు ఫోనొచ్చింది. మా వీధికంతటికీ కిరాణా కొట్టు కాయిన్ బాక్సే ఫోను. కొట్టాయన కేకేస్తే అమ్మ తడిచేతులతో పరుగెత్తింది, వెనకే నేను. సిస్టర్. ఆమెను కేరళకు తిరిగి పిలిచారట, ఇక అక్కడే, ముసలి సిస్టర్లను చూసుకునే ఇంట్లో. ఈస్టర్ అయ్యాక ఖమ్మం వచ్చి రైలెక్కుతుంది, దారిలో మా ఊళ్లో దిగి మందారం కొమ్మ ఒకటి తీసుకుపోతుంది. ఇక్కడి నుంచి తీసుకుపోయి అడవి దవాఖానాలో పెట్టుకున్న తన చెట్టును మేకలు తినేశాయట. ఆమె వయసులో ఉండగా తన అమ్మ పెరట్లోంచి కోసి తెచ్చుకున్న కొమ్మ అది. ఆ ఇల్లు అమ్మేశారు, పెరడు మీద ఇప్పుడు వేరేవాళ్ల మేడ ఉంది. మా దగ్గరున్నది తప్ప ఆ మందారం ఇంకెక్కడా లేదు.

"చెట్టు ఎలా ఉందమ్మా?" అని సిస్టర్ అడగడం పక్కనున్న నాకూ వినబడింది.

అమ్మ ఒక క్షణం కొట్లోని సబ్బుల వైపు చూసింది.

"మంచిగున్నది సిస్టరమ్మా," అంది.

ఆ ఆదివారం అమ్మ, ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి పోయి చాలాసేపటికి బయటికి వచ్చింది. ఏం చెప్పిందో మాకు తెలియదు, తెలియకూడదు కూడా. ఫాదర్ గారు కూడా ఎవరితోనూ ఏమీ అనలేదు. కాకపోతే ఆ వారంలో ఒకరోజు ఆయన బండి మా ఇంటి ముందు నెమ్మదించింది, ఆయన వేపచెట్టు కిందికి ఒక చూపు చూసి పోయారు. నీడ కోసమే అయ్యుంటుంది.

మేకల సంగతి, అమ్మేసిన ఇంటి సంగతి అమ్మ నాన్నకు చెప్పలేదు. నానమ్మకు చెప్పింది, నాన్నకు వినబడేంత గట్టిగా. తెల్లారి నాన్న చేనుకు పోకుండా కొడవలి తానే తీసి, అమ్మ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏవేవి కొయ్యాల్నో జూపియ్యి," అన్నాడు.

అమ్మ చూపించింది. ఆయన కోశాడు. ప్రతి కొమ్మకూ ముందు ఆగి, అమ్మ వైపు చూసి, మరీ కోశాడు. పచ్చనిదంతా పోయాక అక్కడ మిగిలింది ఒక మోడు, దాన్ని పట్టుకుని వేలాడే రెండు మూడు పాలిపోయిన పుల్లలు. నిజంగానే రోగంతో ఉన్నట్టు కనబడింది. నాన్న కోసిన కొమ్మలన్నీ ఏరుకుని చంకన పెట్టుకున్నాడు. అవతల పారేస్తాడనుకున్నాం. ఆరోగ్యంగా ఉన్నదాన్ని పారేసే అలవాటు ఆయనకు లేదు. గడ్డపారతో కంచె పొడవునా గుంటలు తీసి, ఒక్కొక్కటే నాటి, నీళ్లు పోశాడు. అమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. అంతవరకు ఒప్పందం.

కొన్ని వారాలకు మోడు చిగురేసింది. తెలుపు, పచ్చ కలిసిన చిగుళ్లు నాలుగైదు. వాటి మధ్య ఒకటి పూర్తిగా తెల్లది. చుక్క పచ్చ లేదు. ఆకు, కాడ, ఈనె అంతా మంచి పాలరంగు. నానమ్మ దాన్ని చూసి శిలువ గుర్తు వేసుకుంది. సాయంత్రానికి వీధంతా వచ్చింది. అవతలి వీధి చర్చికి పోయే ఆవిడ కూడా వచ్చి, తమ చర్చిలో ఇట్లాంటివి జరిగినట్టు గుర్తు లేదని ఒప్పుకుని, చిన్న ప్రార్థన చేసి పోయింది. సిస్టర్‌కు ఇవ్వాల్సింది ఇదేనని అమ్మ ఆ క్షణమే తేల్చేసింది.

ఎండలు ముదిరాయి. వేపచెట్టు నీడ చాలక తెల్లాకుల అంచులు మాడటం మొదలైంది. మిరపకాయలు ఎండబోసే పరదా ఒకటి తెచ్చి దానికి పందిరేసినవాడు ఎవరనుకున్నారు, నాన్నే. కంచె దగ్గర పచ్చ మొక్కలకు కూడా నీడ లేదు గానీ, దీనికి మాత్రం పొద్దున ఒకవైపు, సాయంత్రం ఒకవైపు పరదా జరిపేవాడు. ఇంట్లో ఇప్పుడు ఇద్దరు ఆయాలు.

ఇక్కడ నా చదువు ఒక్కసారి పనికొచ్చింది. ఆకులో పచ్చదనం లేకపోతే చెట్టు తన తిండి తాను వండుకోలేదు, ఈ కొమ్మ మిగతా ఆకులు వండింది తిని బతుకుతోంది, కోస్తే చస్తుంది అని చెప్పాను. అందరూ విన్నారు. నానమ్మ చేతిలోని ఆకు, వక్క సర్దుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు వండుకుంటున్నవా ఏంది?" అంది.

బోటనీ అక్కడితో ఆగిపోయింది.

సిస్టర్ ఈస్టర్ తర్వాత ఒక మధ్యాహ్నం దిగింది. కొంచెం చిక్కింది, కళ్లద్దాలు మందమయ్యాయి, తెలుగు మాత్రం ఎప్పటిలాగే పాఠ్యపుస్తకం తెలుగు. మజ్జిగ తాగి నేరుగా చెట్టు దగ్గరికి నడిచింది. అమ్మ ఆమె వెనక, అమ్మ వెనక మేమందరం. నాన్న పరదా తొలగించాడు, విగ్రహం ఆవిష్కరించినట్టు.

సిస్టర్ ఒంగి తెల్ల కొమ్మను చాలాసేపు చూసింది. అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. ఫోన్లో మంచిగున్నదని అన్నది అబద్ధమని, అప్పటికి చెట్టు సగానికి సగం పచ్చబడిందని, ఎవరు చేశారో చెప్పకుండా అంతా చెప్పింది. ఎవరు చేశారో చెప్పే అవసరం లేదు, నాన్న పరదా మడతపెడుతూ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఈ కొమ్మ మీ కోసమే ఉంచామని అమ్మ ముగించింది.

"ఇది చాలా అందంగా ఉందమ్మా," అంది సిస్టర్. "కానీ ఇది తల్లిచెట్టు మీద ఉన్నంతకాలమే బతుకుతుంది. కోసి దూరం తీసుకుపోతే వారం కూడా నిలవదు."

నానమ్మ నా వైపు తిరిగింది.

"ఖమ్మం హాస్టల్ల నీ లెక్క," అంది.

సిస్టర్ తన సంచిలోంచి చిన్న కత్తి తీసింది. తెల్లదాన్ని వదిలేసి, దాని కింద, ఎవరూ ప్రార్థన చేయని, మచ్చమచ్చల పుల్లలు రెండు కోసింది. ఆకులు తుంచి, తడిగుడ్డ చుట్టి, సంచిలో చీరల మధ్య పెట్టుకుంది. అమ్మ ముఖం చూసి సిస్టర్ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది, అలాగే పట్టుకుంది. ఇద్దరి కళ్లూ తడయ్యాయి. నాకు ఇలాంటి చోట నిలబడటం రాదు. బస్సు టైమవుతోందన్నాను. ఇంకా గంట ఉంది.

ఆ గంట నాన్నకు అచ్చొచ్చింది. తన కంచె కూడా చూసి పొమ్మని సిస్టర్‌ను పిలిచాడు. ఆమె మర్యాద కోసం వెళ్లింది. కోసిన కొమ్మలన్నీ బతికి, వరసగా, బడిపిల్లల్లా పచ్చగా నిలబడి ఉన్నాయి. నాన్న ఒక్కో మొక్క దగ్గర ఆగి, దానికి ఏమేసిందీ ఎప్పుడేసిందీ చెబుతున్నాడు. సిస్టర్ తలూపుతోంది. చివరి మొక్క దగ్గరికి వచ్చారు. దానికి ఒక కొత్త చిగురు ఉంది. మాట ఆపకుండానే నాన్న చెయ్యి దాని మీదికి పోయింది.

సిస్టర్ ఆయన మణికట్టు పట్టుకుంది. సూదులేసి అలవాటైన చెయ్యి, నాన్న కదల్లేకపోయాడు.

"ఆగండి," అంది. "ఇది నేనెప్పుడూ చూడలేదు."

మేమందరం ఒంగాం. ఆ చిగురాకులు తెల్లవీ కాదు, పచ్చవీ కాదు. మధ్యలో పచ్చ, దాని చుట్టూ తెలుపు, అంచంతా గులాబీ రంగు, చంటిపిల్ల అరికాలి రంగు. ఆమె అమ్మ పెరట్లో గానీ, మా వాకిట్లో గానీ ఆ చెట్టుకు ఏనాడూ రాని రంగు. ఎక్కడి నుంచి వచ్చిందో, యూరియా తిని మర్చిపోయిన ఆకు ఏది గుర్తుచేసుకుని ఇట్లా పుట్టిందో ఎవరికీ తెలియదు. సిలబస్‌లో లేదు కాబట్టి నన్నెవరూ అడగలేదు.

నాన్న నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గిసుంటివి మొన్న రెండు పీకి కాలవెట్టిన," అన్నాడు.

అమ్మ కళ్లు మూసుకుంది. సిస్టర్ ముందు గట్టిగా పెదవులు బిగించింది, తర్వాత వల్ల కాక నవ్వడం మొదలుపెట్టింది. కంచె రాయి మీద కూర్చుని, కళ్లద్దాలు తీసి ముసుగు అంచుతో తుడుచుకుంటూ నవ్వింది. నవ్వాలో వద్దో తెలియక నాన్న కూడా కొంచెం నవ్వాడు. దీన్నిప్పుడు కొయ్యొద్దని, బలపడనివ్వమని, ఇది తనది కాదు మీదేనని సిస్టర్ చెప్పింది. బస్సెక్కేటప్పుడు సంచిని పైన పెట్టకుండా ఒళ్లోనే పెట్టుకుంది.

తెల్ల కొమ్మ ఎండాకాలం నడిమికి ఎండిపోయింది. అవతలి చర్చి ఆవిడకు ఆ సంగతి మేం చెప్పలేదు.

వానలు పడ్డాక ఒకరోజు కొట్టాయన మళ్లీ కేకేశాడు. ఈసారీ అమ్మ వెనక నేనున్నాను. రెండు పుల్లల్లో ఒకటి బతికిందట. నాలుగాకులు వేసిందట, అన్నీ మచ్చలవే. ముసలి సిస్టర్లు పొద్దునపూట దాని చుట్టూ కుర్చీలేసుకుంటున్నారట. ఆ తర్వాత సిస్టర్ గొంతు తగ్గించింది, అయినా నాకు వినబడింది. మొదలు దగ్గర పచ్చ రెమ్మ ఒకటి వచ్చింది, తుంచేశాను, మీ ఆయనతో మాత్రం అనకమ్మా, పాపం బాధపడతారు అని.

మేం ఇంటికి వచ్చేసరికి నాన్న కంచె దగ్గర ఉన్నాడు. గులాబీ అంచు కొమ్మ మోకాలెత్తయింది. ఆయన దాని ముందు నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"బతికిందా?" అన్నాడు.

"బతికింది."

"పచ్చగున్నదా?"

అమ్మ ఒక క్షణం వేపచెట్టు వైపు చూసింది.

"మంచిగున్నది," అంది.

ఆ ఆదివారం అమ్మ మళ్లీ ఫాదర్ గారి దగ్గరికి పోయింది గానీ, ఈసారి తొందరగానే బయటికొచ్చింది.